ముట్టుకోకుండా సీటీ తిప్పడం: అమలాపురం ఓటీలో ఒక ప్రాజెక్టు డైరీ

ఆగస్టు, గోదావరికి ఎర్రనీరు వచ్చిన వారం

కోనసీమలో ఎముకల ఆసుపత్రులకు మిషన్ల మరమ్మతు చూసే పని నాది. ఆటోక్లేవ్, ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే తీసే సీ-ఆర్మ్, మత్తు మిషను, మానిటర్లు, ఏది మొరాయించినా ఫోను వస్తుంది. అలా ఓటీల్లో, అంటే ఆపరేషన్ థియేటర్లలో తిరుగుతూ కొన్నేళ్లుగా ఒకే దృశ్యం చూస్తున్నాను. దింపు కార్మికుడు కొబ్బరి చెట్టు మీంచి పడితే దెబ్బ ఒక్కచోట ఆగదు. మడమలు, నడుం, ఒక్కోసారి తుంటి గిన్నె కూడా విరుగుతుంది. తుంటి గిన్నె ముక్కలైతే ఎక్స్‌రే చాలదు, సీటీ కావాలి. ఏ ముక్క ఎటు తిరిగి ఉందో ఆపరేషన్ మధ్యలో మళ్లీ చూడాలి. అప్పటికి సర్జన్ గారు స్క్రబ్ అయి, అంటే చేతులు మందుతో కడుక్కుని, గ్లోవ్స్ తొడుక్కుని, చేతులు గాయంలో పెట్టి ఉంటారు. సీటీ మాత్రం గోడ పక్కన కంప్యూటర్లో ఉంటుంది. మౌస్ ముట్టుకుంటే స్టెరైల్, అంటే క్రిముల్లేని శుభ్రత, పోయినట్టే.

అందుకని టెక్నీషియన్ కుర్రాణ్ణి పిలుస్తారు. "ఇంకొంచెం కిందికి వెళ్లు తమ్ముడూ. ఆగు. కాదు, వెనక్కి. ఒక్కటి వెనక్కి. అబ్బా, దాటేశావు." కుర్రాడి తప్పేం లేదు. డాక్టరు గారి కన్ను దేన్ని వెతుకుతోందో అతనికెలా తెలుస్తుంది? ఇలా కాసేపు నడిచాక డాక్టరు గారు "సరేలే, పర్లేదు" అని గాయం వైపు తిరుగుతారు. నన్ను కదిలించింది ఆ "పర్లేదు". చూడాలనుకున్నది చూడకుండానే పని మొదలవుతోంది.

ఈ వారం ఒక కేసు అయ్యాక సర్జన్ గారు మాస్కు తీస్తూ అడిగారు: "అమ్మాయ్, సెల్‌ఫోన్లో బొమ్మ వేలితో జరుపుతాం కదా, అలా గాల్లో జరిపితే కదలదా?"

"కదులుతుందండి. కానీ ముందు మీ చేతులు ఎక్కడెక్కడ ఉంటాయో నేను చూడాలండి."

"చూడు. ఎవరొద్దన్నారు?"

డైరీ ఇవాళ మొదలు.

ఆగస్టు చివర

మిషన్ల సంగతి పక్కనపెట్టి, ఓటీ మూలన నిలబడి చేతులు మాత్రమే చూశాను.

గౌను వేసుకున్నాక ఒళ్లంతా స్టెరైల్ కాదు. ముందు వైపు ఛాతీ నుంచి నడుం వరకు, చేతులు మోచేతికి రెండు అంగుళాల పైదాకా, అంతే. వీపు కాదు, భుజాల పైన కాదు, నడుం కింద కాదు. ఓటీ సిస్టర్ గారు కొత్త పీజీలకు మొదటిరోజే చెప్పే పాఠం ఇది: "చెయ్యి నడుం కిందికి దిగిందా, గ్లోవ్ మార్చాల్సిందే బాబూ." కాబట్టి నేను రాయబోయే ప్రతి సైగా ఛాతీకీ నడుముకీ మధ్య గాల్లో ఉండే ఒక చిన్న పెట్టెలో ఇమడాలి. టీవీ ప్రకటనల్లోలాగా చెయ్యి చాపి తల పైనుంచి ఊపడం ఇక్కడ కుదరదు. పక్కన అసిస్టెంటు, ఎదురుగా స్క్రబ్ నర్సు, వెనక ట్రాలీ. చెయ్యి విసిరితే స్టెరైల్ కానిదేదో తగులుతుంది.

ఈ దారిలో ముందే నడిచినవాళ్లున్నారు. జువాన్ వాక్స్ బృందం తయారుచేసిన జెస్టిక్స్ గురించి 2008లో అచ్చయింది. వాషింగ్టన్ హాస్పిటల్ సెంటర్లో మెదడు బయాప్సీ జరుగుతుండగా ఎమ్మారై బొమ్మల్ని చేతి సైగలతో తిప్పి చూశారు. 2010 నవంబరులో మైక్రోసాఫ్ట్ కైనెక్ట్ వచ్చాక ఈ ఆలోచన ఊపందుకుంది. ఆటల కోసం చేసిన ఆ కెమెరాను 2011లోనే టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రి ఓటీకి తెచ్చుకుంది. 2012లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రి రక్తనాళాల సర్జరీలో వాడి చూసింది. 2013లో లీప్ మోషన్ అనే అరచేతంత ఇన్‌ఫ్రారెడ్ పరికరం వచ్చింది. 2017లో మైక్రోసాఫ్ట్ కైనెక్ట్ తయారీ ఆపేసింది.

ఇన్నేళ్ల పని జరిగినా నేను తిరిగే ఏ ఓటీలోనూ ఇది లేదు. ధర ఒక్కటే కారణం అనుకోను. ఒక కంపెనీ చేసిన ఆటల పరికరం మీద ఆధారపడితే, ఆ కంపెనీ మానుకున్న రోజున మన పని ఆగుతుంది. అందుకే మామూలు యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌తో, ఎవరైనా చదివి మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్‌తో చేయాలని నిర్ణయం. రాజోలులో కెమెరా పాడైతే రాజోలులోనే ఇంకోటి దొరకాలి.

సెప్టెంబరు

ఈ నెలంతా బొమ్మల వైపు పనే. సైగల జోలికి పోలేదు.

సీటీ స్కాన్ డైకామ్ ఫైళ్లుగా వస్తుంది, వైద్య బొమ్మలకు వాడే ఫైలు పద్ధతి అది. ఒక్కో స్లైసు, అంటే ఒక్కో అడ్డకోత బొమ్మ, 512 పిక్సెళ్ల అడ్డం, 512 నిలువు, పిక్సెలుకు రెండు బైట్లు. అంటే అర మెగాబైటు. మిల్లీమీటరు మందంతో తీసిన కటి భాగం సీటీలో 300 స్లైసులు ఉన్నాయనుకుంటే 150 మెగాబైట్లు. ఇది పాత ల్యాప్‌టాపు కూడా మోయగలిగే బరువే. నిల్వకు ఆర్థాంక్ పెట్టాను. బెల్జియంలో లీయేజ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో పుట్టిన ఉచిత డైకామ్ సర్వరు ఇది. ఒక్క సాయంత్రంలో నిలబడింది. ప్రయోగాలకు పేషెంట్ల బొమ్మలు తీసుకోలేదు, పరిశోధన కోసం పేర్లు తీసేసి అందరికీ అందుబాటులో ఉంచిన స్కాన్లే వాడుతున్నాను.

సీటీ బొమ్మలు చూపించే, ఇప్పటికే ఉన్న వ్యూయరుకే దొంగ మౌస్ క్లిక్కులు పంపడం తేలిక దారి. చేయి కదిలితే మౌస్ కదిలినట్టు కంప్యూటరును నమ్మించడం. కానీ ఓటీ కంప్యూటర్లో యాంటీవైరస్ కబురో, ప్రింటరు కబురో తెర మీదికి వస్తే ఆ క్లిక్కు దాని మీద పడుతుంది. పేషెంటు టేబుల్ మీద ఉండగా అది ఒప్పుకోలేను. అందుకే చిన్న వ్యూయరు సొంతంగా రాశాను. దానికి చూపించడం ఒక్కటే వచ్చు. చెరపడం, కొలవడం, పేరు మార్చడం ఏవీ లేవు.

మరీ ముఖ్యంగా పేషెంటును మార్చడం లేదు. సైగతో తర్వాతి పేషెంటు ఫైలు తెరుచుకోవడమన్న మాటే నాకు భయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో, కోత పెట్టేముందు అందరూ ఆగే 'టైమ్ అవుట్' దశలో, అవసరమైన బొమ్మలు తెర మీద ఉన్నాయా అని ఒక ప్రశ్న ఉంటుంది. నా వ్యూయరును సరిగ్గా అక్కడ కట్టాను. స్టెరైల్ గౌను వేసుకోని ఫ్లోర్ నర్సు మౌస్‌తో ఫైలు తెరిచి, పేరూ నంబరూ చేతి పట్టీతో పోల్చి, అందరూ అవునన్నాక మీట నొక్కుతుంది. ఆ కేసు పూర్తయ్యేదాకా వేరే పేషెంటు ఫైలు తెరుచుకోదు.

ఇంకో సంగతి కుడి ఎడమలది. సీటీలో పేషెంటు కుడివైపు తెరకు ఎడమన కనిపిస్తుంది, పాదాల వైపు నిలబడి చూస్తున్నట్టు. ఇది ప్రపంచమంతా పాటించే పద్ధతి. వెబ్‌క్యామ్ బొమ్మను మాత్రం అద్దంలా తిప్పాలి, లేకపోతే చెయ్యి కుడికి జరిపితే గుర్తు ఎడమకు పోయి చిరాకు పుడుతుంది. ఈ రెండూ ఒకే ప్రోగ్రాములో ఉంటే, ఎక్కడో ఒక వరుసలో తిప్పాల్సింది చేతి బొమ్మ బదులు సీటీ బొమ్మ అయిపోవచ్చు. దాని ఫలితం తప్పు కాలికి ఆపరేషన్. అందుకని చేతిని చూసే భాగం, సీటీ చూపించే భాగం రెండు వేరు ప్రోగ్రాములు. మధ్యలో మాటలే వెళ్తాయి: ముందుకు, వెనక్కి, ఆగు. బొమ్మ వెళ్లదు. తెర మీది 'కుడి', 'ఎడమ' అక్షరాలు డైకామ్ ఫైలులోని దిశ ట్యాగు నుంచే వస్తాయి. ఆ ట్యాగు లేకపోతే వ్యూయరు ఫైలు తెరవదు.

అక్టోబరు

కెమెరా ఓటీలోకి వెళ్లింది. కేసులన్నీ అయ్యాక, ఖాళీ టేబుల్ దగ్గర.

చేతిని గుర్తించడానికి గూగుల్ 2019లో విడుదల చేసిన మీడియాపైప్ వాడుతున్నాను. అరచేతిని వెతికి, దాని మీద 21 గుర్తులు పెడుతుంది: మణికట్టు సున్నా, బొటనవేలి కొస 4, చూపుడువేలి కొస 8, మధ్యవేలి కొస 12, అలా. ఇంట్లో బల్ల ముందు అది అద్భుతంగా పనిచేస్తుంది. ఓటీలో చెయ్యి దొరకనే లేదు.

మొదటి కారణం దూరం. పేషెంటు చుట్టూ మీటరున్నర లోపల పెట్టే కరెంటు సామానుకు కఠినమైన నియమాలుంటాయి. కాబట్టి కెమెరా అంతకంటే ఎడంగా, మానిటర్ స్టాండు మీద, ఛాతీ ఎత్తులో పెట్టాను. 1280 పిక్సెళ్ల వెడల్పు బొమ్మలో అంత దూరాన చెయ్యి వంద పిక్సెళ్లకు అటూ ఇటూ. కానీ మీడియాపైప్ అరచేతిని వెతికేముందు మొత్తం బొమ్మను 192 పిక్సెళ్ల చదరానికి కుదిస్తుంది. వంద కాస్తా పదిహేనవుతుంది. అందులో అరచేయి ఎలా దొరుకుతుంది? విరుగుడు ఆగస్టులో చూసిన ఆ పెట్టెలోనే ఉంది. ఛాతీ నుంచి నడుం దాకా ఉన్న భాగాన్ని మాత్రమే కోసి ఇచ్చాను. చెయ్యి నాలుగింతలు పెద్దదైంది, వెంటనే దొరికింది. పైగా పెట్టె బయట ఉన్న చేతుల్ని ప్రోగ్రాము చూడనే చూడదు.

రెండో కారణం వెలుతురు. పైన తిరిగే ఆపరేషన్ లైటు గాయం మీద పోసే వెలుగు 40,000 నుంచి 1,60,000 లక్సుల దాకా ఉండొచ్చు. మామూలు గది దీపం కొన్ని వందలు. కెమెరా తనంతట తాను వెలుతురు సర్దుకోబోయి, లైటు తల కొంచెం తిరిగినా తడబడుతుంది. లేత రంగు లేటెక్స్ గ్లోవ్ తెల్లటి మచ్చగా మారిపోయి వేళ్ల మధ్య సందులే కనిపించవు. ఆటో ఎక్స్‌పోజర్ తీసేసి, వెలుగు తగ్గించి, ఎక్స్‌పోజర్ సమయాన్ని సెకనులో వందో వంతుకు బిగించాను. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైట్లు సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. ఎక్స్‌పోజర్ ఆ లెక్కకు సరిపోతే బొమ్మలో చారలు రావు.

గ్లోవ్ రంగు కూడా లెక్కే. పేషెంటు మీద కప్పే పచ్చ డ్రేపు ముందు లేత గ్లోవ్ బాగా తేలుతుంది. రెండు జతలు వేసుకుని పైన ముదురు రంగుది తొడిగితే వెనకబడుతుంది. రక్తం అంటిన గ్లోవ్ ఎలా ఉంటుందో చూడటానికి బీట్‌రూట్ రసం పూసి నిలబెట్టాను. వేలి కొసలు అప్పుడప్పుడు జారుతున్నాయి గాని అరచెయ్యి మాత్రం నిలిచింది. ఈ తేడాల మీద ఆధారపడకుండా సైగలు ఎంచుకోవాలి.

కైనెక్ట్ పాతదొకటి కాకినాడ నుంచి తెచ్చి పోల్చాను. అది మనిషి అస్థిపంజరాన్ని ఊహిస్తుంది. డ్రేపులు, టేబులు, సీ-ఆర్మ్ చాటున సగం మనిషే కనిపిస్తుంటే దానికి పాలుపోవడం లేదు. పాత హాలోజన్ లైట్లున్న ఓటీలో ఇన్‌ఫ్రారెడ్ గొడవ అదనం. పక్కన పెట్టేశాను.

కార్తీకం

సైగలు. అందరూ అడిగేది ఇదే, నిజానికి రాయడానికి అన్నిటికంటే తేలికైందీ ఇదే.

స్లైసులు తిప్పడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఏదో చిన్న వస్తువు పట్టుకున్నట్టు పట్టి, పైకో కిందికో జరపాలి. విడిస్తే ఆగుతుంది. రెండు కొసల మధ్య దూరాన్ని అరచేతి పొడవుతో భాగిస్తాను. అప్పుడు పెద్ద చేయైనా చిన్న చేయైనా, దగ్గరున్నా దూరమున్నా ఒకటే లెక్క. 0.25 కంటే తగ్గితే పట్టు మొదలు, 0.4 దాటితేనే పట్టు వదిలినట్టు. మధ్యలో ఈ ఎడం లేకపోతే సరిహద్దు దగ్గర వేళ్లు వణికినప్పుడల్లా పట్టు వస్తూ పోతూ ఉంటుంది.

చెయ్యి ఎంత జరిగితే అన్ని స్లైసులు అనే పద్ధతి ఇక్కడ నడవదు. 30 సెంటీమీటర్ల పెట్టెలో 300 స్లైసులంటే మిల్లీమీటరుకొకటి. ఏ చేయీ గాల్లో అంత స్థిరంగా ఉండదు. కాబట్టి పట్టిన చోటు నుంచి ఎంత దూరం జరిగితే అంత వేగం అని పెట్టాను. మొదటి పావు అరచెయ్యి దూరం వరకు ఏమీ జరగదు. ఆపైన నెమ్మదిగా ఒక్కో స్లైసు, ఇంకా జరిపితే జోరు.

వణుకు అణచడానికి 'వన్ యూరో' అనే వడపోత వాడాను. కాసియే, రుసెల్, వోగెల్ అనే ముగ్గురు 2012లో ప్రచురించారు. చెయ్యి నెమ్మదిగా ఉన్నప్పుడు గట్టిగా వడకడుతుంది, వేగంగా కదిలినప్పుడు వదులుతుంది. మామూలు సగటు తీస్తే వణుకు పోతుంది గాని తెర చేతి వెనక ఈడుస్తూ వస్తుంది. సర్జన్ గారికి ఆ ఈడుపు క్షణంలో తెలిసిపోయింది. ఈ వడపోత పెట్టాక "ఇప్పుడు నా చేతికి అతుక్కుంది" అన్నారు.

ఇంకో తిరకాసు విడిచేటప్పుడు వచ్చింది. వేళ్లు తెరిచే కదలికకే చెయ్యి కొంచెం జరుగుతుంది, సరిగ్గా దొరికిన స్లైసు నుంచి ఒకటో రెండో దాటిపోతుంది. "దాటేశావు" అని కుర్రాణ్ణి అన్నమాటే ఇప్పుడు ప్రోగ్రాము పడుతోంది. పట్టు వదిలిన క్షణాన తెర మీదున్న స్లైసు కాకుండా, దానికి 150 మిల్లీసెకన్ల ముందున్న స్లైసు మీద ఆపాను. ఎవరికీ వెనక్కి వెళ్లినట్టు అనిపించదు, తాను ఆపిన చోటే ఆగినట్టుంటుంది.

ఎముక చూడాలంటే ఒక వేలు చూపాలి, కండ చూడాలంటే రెండు వేళ్లు. సీటీలో ప్రతి పిక్సెలూ హౌన్స్‌ఫీల్డ్ కొలతలో ఒక అంకె: నీరు 0, గాలి మైనస్ 1000. 1971లో మొదటిసారి మనిషి తల స్కాన్ తీసి, తర్వాత 1979లో నోబెల్ పంచుకున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరు అది. తెర అన్ని అంకెల్నీ ఒకేసారి చూపలేదు, ఏ అంకె నుంచి ఏ అంకె దాకా చూపాలో ఒక కిటికీ ఎంచుకోవాలి. ఎముకకు కేంద్రం 500, వెడల్పు 2000. కండకు కేంద్రం 40, వెడల్పు 400. ఈ రెండే ఉంచాను. మెదడుకీ ఊపిరితిత్తులకీ ఇంకా కొన్ని కలపమని స్నేహితులన్నారు. ఎముకల ఓటీలో అవెందుకు? సైగ ఒకటి పెరిగితే పొరపాటుకు ఇంకో దారి పెరుగుతుంది.

డిసెంబరు మొదట్లో

కాలి పెడల్ ఆలోచన వీగిపోయింది. పెడల్ తొక్కి ఉంచినప్పుడే సైగలు పనిచేసేలా చేస్తే సగం తలనొప్పి పోతుందని వెళ్లి అడిగాను. సర్జన్ గారు మాట్లాడకుండా డ్రేపు పైకెత్తి కింద చూపించారు. కరెంటుతో కండ కోసి, రక్తం ఆపే క్యాటరీకి రెండు పెడళ్లు, కోతకు పసుపు, రక్తం ఆపడానికి నీలం. సీ-ఆర్మ్‌కు ఇంకోటి, తొక్కితే ఎక్స్‌రే. డ్రేపు కప్పాక ఇవేవీ కంటికి కనిపించవు, కాలితో తడిమి తొక్కాలి. "నాలుగోది పెట్టి, నేను బొమ్మ తిప్పుదామనుకుని క్యాటరీ తొక్కితే?" ఇక దాని గురించి మాట్లాడలేదు.

డిసెంబరు

క్యాటరీ మాట వచ్చింది కాబట్టి దాని దగ్గరే కెమెరాను పరీక్షించాలనుకున్నాను. క్యాటరీ అంటే సెకనుకు కొన్ని లక్షలసార్లు దిశ మార్చే కరెంటు. కొస దగ్గర నిప్పురవ్వ లేచినప్పుడు చుట్టూ రేడియో రొద. ఖాళీ ఓటీలో మటన్ ముక్క కింద ప్లేటు పెట్టి, సర్జన్ గారే క్యాటరీ పెన్సిల్ పట్టుకుని కాల్చారు. రక్తం ఆపే మీట నొక్కిన మరుక్షణం కెమెరా బొమ్మ బిగుసుకుపోయింది. కంప్యూటరు దృష్టిలో కెమెరా పీకేసినట్టే.

ఇక్కడ ప్రమాదం బొమ్మ పోవడంలో లేదు, బిగుసుకుపోయిన చివరి ఫ్రేములో చెయ్యి ఇంకా పట్టు మీదే కనిపించడంలో ఉంది. ప్రోగ్రాము దాన్నే నమ్మి స్లైసులు తిప్పుతూనే ఉంటుంది. అందుకని ప్రతి ఫ్రేము ఏ సమయంలో వచ్చిందో చూస్తున్నాను. సెకనులో అయిదో వంతు సేపు కొత్త ఫ్రేము రాకపోతే అన్నీ ఆగిపోతాయి, తెర అంచు బూడిదరంగు అవుతుంది.

రొద తగ్గించడానికి రెండు చివర్లా ఫెరైట్ పూసలున్న, లోపల రేకు చుట్టిన కేబుల్ వేశాను. యూఎస్‌బీ 2 కేబుల్ అయిదు మీటర్లకు మించకూడదు, కాబట్టి కంప్యూటరును గోడ వెంట జరిపి, కేబుల్‌ను క్యాటరీ తీగతో ఎక్కడా కలవకుండా వేరే వైపు నుంచి తీసుకొచ్చాను. మటన్ మళ్లీ కాలింది. బొమ్మ నిలబడింది. ఓటీ బాయ్ కిటికీలు తెరిచి వాసన పోగొట్టడానికే చాలాసేపు పట్టింది పాపం.

కెమెరా పెట్టె సంగతి కూడా రాయాలి. ఓటీలో ప్రతిదీ మందు నీళ్లతో తుడుస్తారు. గాలి రంధ్రాలున్న కెమెరా అక్కడ దుమ్ము నిలిచే చోటు. అమలాపురంలోనే ప్లాస్టిక్ షీట్లు కోసే అతనితో మూత బిగిసే డబ్బా చేయించాను. రాత్రి ఏసీ ఆపేస్తే, చల్లబడిన గదిలోకి కాలవ గట్టు గాలి వచ్చి అద్దం మీద తేమ పడుతోంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లం పెట్టాను. ముందు పలకను కొంచెం వంచితే లైటు ప్రతిబింబం కెమెరాలోకి రావడం తగ్గింది.

జనవరి, ప్రభల తీర్థం అయ్యాక

ఇది అసలు పరీక్ష. ఎథిక్స్ కమిటీ అనుమతితో నిజమైన ఆపరేషన్లలో వ్యవస్థను 'చూసే' స్థితిలో మాత్రమే నడిపాం. తెర మీద ఏదీ కదలదు. చేతి 21 గుర్తుల స్థానాలు, వేళ, తాను ఏ ఆజ్ఞ ఇచ్చి ఉండేదో, అంతే రాసుకుంటుంది. వీడియో దాచదు. నేను మూలన కూర్చుని అదే సమయంలో నిజంగా ఏం జరుగుతోందో రాసుకుంటాను. సర్జన్ గారు బొమ్మ అడగని వేళ అది ఆజ్ఞ ఇచ్చిందంటే అది పొరపాటు.

బొమ్మలు తిప్పడం ఎప్పుడు మొదలవ్వాలో చెప్పడానికి ఒక లాకు పెట్టి ఉంచాం. అరచెయ్యి తెరిచి సుమారు ఒక సెకను కదలకుండా ఉంచితే లాకు తెరుచుకుంటుంది, ఆ తర్వాతే పట్టుకూ వేళ్లకూ విలువ. ఖాళీ ఓటీలో ఇది ముద్దుగా పనిచేసింది.

నిజమైన కేసులో లాకు పదేపదే తెరుచుకుంటూనే ఉంది. కారణం రాసుకుంటుంటే నాకే కనిపించింది. సర్జన్ చూపు గాయం మీంచి తిప్పకుండా పక్కకు అరచెయ్యి చాపుతారు, స్క్రబ్ నర్సు అందులో పరికరం పెడుతుంది. తెరిచిన అరచెయ్యి, కదలకుండా, ఒక సెకను. ఓటీలో ఆ సైగకు ముందునుంచే ఒక అర్థం ఉంది: ఇవ్వండి. అక్కడితో అయిపోలేదు. లాకు అలా తెరుచుకున్నాక చేతిలోకి వచ్చిన సూదిని పట్టుకోవడం, దారం ముడి వేయడం, ఫోర్సెప్స్ పట్టడం, ఇవన్నీ బొటనవేలూ చూపుడువేలూ కలిపే పనులే. అదే నా పట్టు. ఒక ముడి వేసేలోగా ప్రోగ్రాము తుంటి నుంచి మోకాలి దాకా స్లైసులు తిప్పేసి ఉండేది.

ఇన్నాళ్లూ చేతిని గుర్తించడం మీద పెట్టిన శ్రమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. చెయ్యి తనతో మాట్లాడనప్పుడు ఈ యంత్రం ఊరుకోవాలి. సర్జన్ చేతులు తెరతో మాట్లాడేది కేసు మొత్తంలో కొన్ని క్షణాలే, మిగతా సమయమంతా పేషెంటుతో, నర్సుతో, అసిస్టెంటుతో మాట్లాడతాయి. నేను చదివిన ప్రదర్శనల్లో ఎన్ని సైగల్ని ఎంత బాగా గుర్తించారో ముందుంటుంది. నాకు మొదట కావాల్సిన లెక్క ఇది: గంటసేపు కుట్లు వేస్తుంటే అది ఎన్నిసార్లు ఊరికే లేస్తుంది?

జనవరి చివర

లాకును తిరిగి రాశాను.

పరికరం అడిగే చెయ్యి అడ్డంగా చాపి ఉంటుంది, అరచెయ్యి పైకి. కాబట్టి మణికట్టు నుంచి మధ్యవేలి కొసకు గీసిన గీత నిలువుకు దగ్గరగా, 30 డిగ్రీల లోపు ఉండాలి, అరచెయ్యి కెమెరా వైపు తిరిగి ఉండాలి. మణికట్టు, చూపుడువేలి మొదలు, చిటికెన వేలి మొదలు, ఈ మూడు గుర్తులతో అరచేయి ఎటు తిరిగిందో లెక్క వస్తుంది. ఆగమని చెప్పే చెయ్యి అన్నమాట. మోచెయ్యి ఒంటికి ఆనించి చేస్తే చెయ్యి భుజం దాటదు, స్టెరైల్ పెట్టెలోనే ఉంటుంది. సిస్టర్ గారు పక్కన నిలబడి కొలిచినట్టు చూసి "ఆయ్, ఇది పర్లేదండి" అన్నాకే ఖాయం చేశాను.

తర్వాత, పెట్టెలో రెండు చేతులు కనిపిస్తే లాకు పడిపోతుంది. రెండు చేతులంటే పని జరుగుతోందని అర్థం. దీనివల్ల రెండు చేతులతో బొమ్మ పెద్దది చేసే సైగ వదులుకోవాలి. సర్జన్ గారిని అడిగితే "పెద్ద తెర కొందాంలే" అన్నారు. నాలుగు సెకన్లు ఏ ఆజ్ఞా రాకపోయినా, చెయ్యి పెట్టె దాటినా లాకు పడుతుంది. దారం ముడికి రెండు చేతులు కావాలి కాబట్టి కుట్ల గొడవ దాదాపు అక్కడికక్కడే తీరింది. పరికరం అందుకునే గొడవ బాగా తగ్గింది. మిగిలినది ఎక్కువగా అసిస్టెంటు చెయ్యి, గాయం అంచుల్ని పక్కకు లాగి పట్టే రిట్రాక్టర్ మార్చుకుంటూ ఒక్కక్షణం నిలువుగా లేచినప్పుడు.

లాకు తెరుచుకుందో లేదో తెర అంచు రంగులో చూపిస్తున్నాను. సర్జన్‌కు అది చాలు. కానీ ఫ్లోర్ సిస్టర్ నిలబడే చోటికి మానిటర్ కనపడదు. "లాకు ఊరికే తెరుచుకుంటే ముందు చూడాల్సింది నేనే కదండీ, నాకు కనపడేలా పెట్టండి" అన్నారు. మానిటర్ స్టాండు వెనక వైపు చిన్న ఎల్‌ఈడీ పెట్టాను. పక్కనే ఒక పెద్ద మీట, ఆవిడ నొక్కితే సైగలన్నీ బంద్, మౌస్ మామూలుగా పనిచేస్తుంది. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే నమ్మకమున్న భాగం ఆ మీటే.

ఫిబ్రవరి

ప్లాస్టిక్ ఎముకల మీద పూర్తి నమూనా కేసు చేశాం. డ్రేపులు, గౌన్లు, నిజమైన మనుషులు, నిజమైన లైటు. సర్జన్ గారు విరిగిన ముక్క వెతుక్కుంటూ తానే తిప్పుకున్నారు. ఆయన అలా చూస్తుండగా ఓటీలో ఎవరూ మాట్లాడాల్సిన అవసరం రాలేదు. టెక్నీషియన్ తమ్ముడు సీ-ఆర్మ్ దగ్గర తన పని తాను చేసుకున్నాడు.

ఇక అడిగేవాళ్లందరికీ ఒకే జవాబు ఇస్తున్నాను. పేషెంటు టేబుల్ మీద ఉండగా తెరను దీని చేతికి ఇంకా ఇవ్వం. మన దేశంలో 2017 వైద్య పరికరాల నియమాలున్నాయి, 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా పరికరం కిందికే వచ్చింది. ఇది ఏ తరగతిలోకి వస్తుందో, ఏ కాగితాలు కావాలో తెలిసినవాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి. అప్పటిదాకా 'చూసే' స్థితే. నేర్చుకోవాల్సింది అందులోనే చాలా ఉంది.

వచ్చే నెల రావులపాలెంలో ఇంకో ఓటీలో పెడుతున్నాం. అక్కడి సర్జన్ గారిది ఎడమచేతి వాటం. మీడియాపైప్ అద్దంలా తిప్పిన బొమ్మ వస్తుందనే లెక్కతో కుడి చెయ్యో ఎడమ చెయ్యో చెబుతుంది కాబట్టి ఆ భాగాన్ని విడిగా పరీక్షించాలి. ఆయన నిలబడే వైపు మారుతుంది, అసిస్టెంటు చెయ్యి పెట్టెలోకి వచ్చే మూల మారుతుంది. కెమెరా స్టాండుకు రెండో వైపు కూడా బిగించే క్లాంపు చేయమని వెల్డింగ్ షాపులో చెప్పి వచ్చాను, మంగళవారం ఇస్తానన్నాడు.